కెమెరా చూడని జాగా

స్టేషనులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. చిన్నాపెద్దా అందరికీ సీలక్కే. కేసుల్లో పట్టుకొచ్చిన ఫోన్లు, కంప్యూటర్లు, గోరంత మెమరీ కార్డులు అన్నీ మెట్ల కింద ఉన్న ఆమె గదికే చేరాలి. వచ్చిన ప్రతిదాన్నీ సంచిలో వేసి, మూతి కట్టి, లక్క కరిగించి సీలు నొక్కితే గాని ఆమెకు మంచినీళ్లు దిగవు. మా కోడలికి ఏదో ఒకరోజు నన్నూ సంచిలో వేసి సీలు వేస్తే గాని నిద్రపట్టదని వాళ్ల అత్తగారు ఇరుగుపొరుగుతో అంటూ ఉంటుంది. అంటుందే గాని, కోడలు ఇంటికి రాగానే ఇవాళ ఏం వచ్చాయో చెప్పమని కొంగు పట్టుకుని వదలదు.

ఆ గదిలోకి ఎవరు వచ్చినా మొదట వినే మాట ఒకటే. చేతులు వెనక్కి పెట్టుకోమంటుంది. పెద్ద దొర వచ్చినా అంతే. ఎంతసేపైనా చూడొచ్చు, ఏమైనా అడగొచ్చు, ముట్టుకోవడం మాత్రం లేదు. కత్తి అయితే తుడిచినా మరకో గీతో మిగులుతుంది. ఫోను అలా కాదు. ఊరికే చూద్దామని ఒకసారి తెరిస్తే చాలు, లోపల ఎక్కడో నాలుగు సంగతులు మారి కూర్చుంటాయి. పైకి ఏమీ తెలియదు. ఎప్పుడో కోర్టులో వకీలు లేచి, దీన్ని తెరిచింది ఎవరు, ఎందుకు తెరిచారు అని అడిగినప్పుడు తెలుస్తుంది.

ఆ ఉదయం పొడుగు కానిస్టేబులు ద్వారబంధం తగలకుండా తల వంచుకుని లోపలికి వచ్చాడు. చేతులు వెనక్కి పెట్టుకోలేదు. కుడిచేతిలో అతని సొంత ఫోను ఉంది. అందులో ఒక వీడియో ఉందనీ, అది దొంగతనం కేసులో సాక్ష్యమనీ, గబగబా కాపీ తీసుకుని ఫోను ఇచ్చేయమనీ అడిగాడు. మధ్యాహ్నం వాళ్లావిడ ఫోను చేస్తుంది. ఎత్తకపోతే ఆ కేసు వేరు.

దొంగతనం సంగతి స్టేషనులో అందరికీ తెలిసిందే. చెవిలో పెట్టుకునే వినికిడి మిషన్లు అమ్మే దుకాణం ఒకటి, మార్కెట్టు వెనక ఒక మూసుకుపోయిన సందులో ఉంది. మధ్యాహ్నం భోజనం వేళకు ఆ సందులో అన్ని దుకాణాలూ షట్టర్లు దించేస్తాయి. అయిదారు రోజుల కిందట అలా దించి వెళ్లిన దుకాణం ఆవిడ తిరిగి వచ్చేసరికి షట్టరు మూరెడు లేచి ఉంది. లోపల అలమరా ఖాళీ. తాళం పగలలేదు, గడియ వంగలేదు. ఆ దుకాణం స్తంభానికి ఆనుకునే ఏళ్ల తరబడి తాళాలు బాగుచేసే ఆయన కూర్చుంటాడు. తాళం తీయడం వచ్చినవాడు గుమ్మంలోనే ఉంటే ఇక ఊరంతా వెతకడం ఎందుకని సందులో వాళ్లే అన్నారు. పైగా వీడియో కూడా దొరికింది. నిన్న సాయంత్రం ఆయన్ని తీసుకొచ్చి లోపలి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇవాళ సాయంత్రం కోర్టు లేచేలోగా మెజిస్ట్రేటు ముందు నిలబెడితే, అక్కడినుంచి జైలుకు.

సీలక్క వీడియో పెట్టింది.

అది కెమెరా తీసిన వీడియో కాదు. దుకాణంలో టీవీ తెర మీద ఆడుతున్న బొమ్మను ఇతగాడు ఫోనుతో తీసిన వీడియో. తెర కాస్త పక్కకు వాలి ఉంది. ఒక మూల అతని బొటనవేలి నీడ. బొమ్మలో దించిన షట్టరు, దాని పైన ఎండకు ముందుకు చాచి కట్టిన గుడ్డ పరదా, ముందు గచ్చు, షట్టరుకు పక్కగా గచ్చు అంచున కరెంటు స్తంభం. స్తంభం పక్క నుంచి తాళాలాయన లేచి గచ్చు మీదికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. వెనక్కి తిరిగి షట్టరు మొదట్లో వంగాడు. మరుక్షణం షట్టరు మూరెడు లేచి ఉంది, ఆయన సంచి భుజాన వేసుకుని సందు మొదటికి నడిచిపోతున్నాడు. అంతే.

"చూశావుగా. పండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది," అన్నాడు పొడుగు కానిస్టేబులు.

సీలక్క మళ్లీ పెట్టింది. మూడోసారి పెట్టినప్పుడు ఆమె ఆయన్ని చూడటం మానేసి స్తంభాన్ని చూసింది. ఆయన వంగినప్పుడు స్తంభం నీడ దాని కాళ్ల దగ్గరే ముడుచుకుని ఉంది. సంచి వేసుకుని నడిచేటప్పుడు అదే నీడ గచ్చంతా పాకి షట్టరు మీదికి ఎక్కింది. రెప్ప వేసేలోగా పొద్దు అంత దూరం వాలదు. నీడ దొంగతనం చేయదు గాని, అబద్ధం చెప్పడం కూడా దానికి రాదు.

ఇంకోసారి పెట్టింది. ఈసారి ఇంకొకటి కనపడింది. ఆయన వంగిన బొమ్మ అయిపోయే చోట, తెర కింది అంచు నుంచి చిన్న తెల్లబాణం పైకి వచ్చి, ఏదో నొక్కి, మళ్లీ కిందికి దిగిపోయింది. మౌసు జరిపితే కదిలే బాణం.

"ఇది తీసేటప్పుడు మౌసు ఎవరి చేతిలో ఉంది?" అని అడిగింది.

కెమెరాల మేస్త్రి చేతిలో, అన్నాడతను. ఆ దుకాణానికి కెమెరా బిగించింది అతనే. ఊళ్లో సగం దుకాణాలకు అతనే. ఎక్కడ ఏ బొమ్మ కావాలన్నా స్టేషను వాళ్లు అతన్నే పిలుస్తారు, అతను పనులు మానుకుని వస్తాడు. ఆ రోజు కూడా అడగకుండానే వచ్చాడు. కాపీ తీయాలంటే చాలాసేపు పడుతుంది సార్, ఫోనుతో తీసుకోండి అని సలహా ఇచ్చాడు. తెర మీద కిటికీ వెలుగు పడుతోందని, ఫోను కాస్త ఇటు వంచి పట్టుకోమని దగ్గరుండి చూపించాడు.

"వంచితే పైమూల తెగిపోయింది. ఆ మూలలోనే కదా తారీఖూ టైమూ ఉండేది," అంది సీలక్క.

పొడుగు కానిస్టేబులు ఫోను వైపు చూశాడు, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. అప్పుడు వాటిని వెనక్కి పెట్టుకున్నాడు.

ఆమె లోపలి గదికి వెళ్లింది. తాళాలాయన బెంచీ చివర, ఎవరికో చోటు వదిలినట్టు ఒదిగి కూర్చున్నాడు. వేళ్ల సందుల్లో ఇత్తడి పొడి ఇంకా మెరుస్తోంది. మనిషి మాటల్లో మహా పొదుపరి. నిన్నటి నుంచి ఎవరు ఏం గద్దించినా నేను కాదు అన్న ఒక్క ముక్క తప్ప రాలేదు. అందుకే ఎస్సైకి అనుమానం ఇంకా గట్టిపడింది. నిజం చెప్పేవాడు గోలచేస్తాడని ఎస్సై లెక్క.

షట్టరు దగ్గర ఎందుకు వంగావని ఆమె అడిగింది. తాళం స్ప్రింగు దొర్లిందన్నాడు. దొరికాక ఏం చేశావంటే కూర్చున్నానన్నాడు. ఎంతసేపంటే తాళంచెవి అయ్యేదాకా అన్నాడు. ఆయన కూర్చునేది రోడ్డు వైపు తిరిగి, షట్టరుకు వీపు పెట్టి. ముందు తాళంచెవులు అరగదీసే మిషను. అది తిరిగితే పక్కన పిడుగు పడ్డా వినపడదు.

"మధ్యలో ఒక్కసారైనా వెనక్కి చూడలేదా మావయ్యా?"

"మిషను ముందు కూర్చున్నవాడు వెనక్కి చూస్తే వేలు పోతుంది."

నిన్నటి నుంచి ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట అదే. బయట మెట్ల మీద ఆయన కూతురు కూర్చుని ఉంది. బట్టల మిల్లులో పని. సెలవు పెట్టి వచ్చి, పొద్దుటి నుంచి లోపలికి వెళ్లే ప్రతివాళ్ల ముఖంలోకీ చూస్తోంది. సీలక్క దాటుతుంటే లేచి నిలబడింది.

"అక్కా, మా నాన్న రేపో ఎల్లుండో బయటికి వచ్చినా ఏం లాభం? దొంగని పేరు పడ్డాక ఆయన చేతికి తాళం ఎవరిస్తారు?"

ఆ ప్రశ్నకు స్టేషనులో జవాబు లేదు. ఎక్కడైనా ఉంటే ఆ దుకాణంలో, రికార్డరు పెట్టెలో ఉండాలి. నీడ అంత దూరం పాకేంతసేపు అక్కడ ఏం జరిగిందో తెలుసుకోవాలని సీలక్కకు ఒకటే గుబులు పట్టుకుంది. దొంగ ఎవరన్నదాని కంటే ముందు, కెమెరా అంతసేపు ఎందుకు కళ్లు మూసుకుందో తెలియాలి.

ఎస్సై కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాడు. వయసులో ఆమె కంటే చిన్నవాడు, చురుకైనవాడు. ఆమె చెప్పిందంతా విని, కలం మూత పెట్టి నవ్వాడు.

"అక్కా, నీడ సంగతి చెబితే మెజిస్ట్రేటు నవ్వుతాడు."

"ఇవాళ మీ ముందు ఆయన నవ్వితే నలుగురిలో పరువే పోతుంది. రేపు ఇదే నీడని చూపించి వకీలు నవ్వితే కేసు పోతుంది సార్."

అతను నవ్వు ఆపి కిటికీలోంచి మెట్ల వైపు చూశాడు. కూతురు వీపు కనపడుతోంది. కలం జేబులో పెట్టుకుని జీపు తాళాలు తీసుకున్నాడు. సాయంత్రం లోగా తేలకపోతే మాత్రం తను చేయగలిగింది ఏమీ లేదని ముందే చెప్పాడు. ఆమె తన సంచీలు, లక్క, కెమెరా, చిన్న పనిముట్ల పెట్టె సర్దుకుని వెనక సీట్లో కూర్చుంది.

సందు అనుకున్నదాని కంటే ఇరుకు. ఎండ నడినెత్తిన ఉంది. మిగతా షట్టర్లు అప్పుడప్పుడే దిగుతున్నాయి. తాళాలాయన జాగా ఖాళీగా ఉంది. ఆయన మిషను మీద ఎవరో గోనెపట్టా కప్పారు. దుకాణం ఆవిడ కౌంటరు వెనక నుంచే పలకరించింది. వచ్చేవాళ్లందరికీ చెవుడే కాబట్టి, రోజంతా గట్టిగా మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు అలాగే ఉండిపోయింది. రహస్యం చెప్పినా సందు మొదట్లో వినపడుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా చెవి సమస్య ఉందా అని ముందు సీలక్కను అడిగింది. మా అత్తగారికి ఉంటే బాగుండేది, లేదండీ అంది సీలక్క.

కౌంటరు పక్కన నిచ్చెన. నిచ్చెన మీద కెమెరాల మేస్త్రి, భుజాన నల్లతీగ చుట్ట. పోలీసులను చూసి నవ్వుతూ దిగాడు. దొంగతనం జరిగిందని తెలిసిన మరునాటి నుంచి అతను ఈ దుకాణానికి కొత్తగా కెమెరాలు బిగిస్తున్నాడు. లోపల రెండు, వెనక గదిలో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి.

"నేను వద్దన్నా వినలేదమ్మా. పాపం ఆయనే బతిమాలి పెడుతున్నాడు," అంది దుకాణం ఆవిడ సందంతా వినేలా.

సీలక్క చేతులు వెనక్కి కట్టుకుని రికార్డరు దగ్గర నిలబడింది. అటక మీద, గల్లాపెట్టె పైన, దుమ్ము కప్పుకున్న నల్లపెట్టె. చిన్న పచ్చదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. ఈ పెట్టెలో ఎన్నాళ్ల బొమ్మలు నిలవ ఉంటాయని ఆమె ఊరికే తెలుసుకోవడానికన్నట్టు అడిగింది. వెనక నెల దాకా ఉండేవి మేడమ్ అన్నాడు మేస్త్రి. నిండిపోతే పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. ఇప్పుడు కెమెరాలు పెరిగాయి కదా, వారం కూడా ఆగదు. మీరు వెతికే రోజు పోయే ఉంటుంది.

"పోయిందా, పోతూ ఉందా?"

"అదే, ఇవాళో రేపో," అన్నాడు. ఆమె పెట్టె వైపే చూస్తోంది గాని, అతను పెట్టె వైపు ఒక్కసారీ చూడలేదన్నది ఆమెకు తెలుస్తూనే ఉంది. పక్కన పామున్నట్టు తెలిసినవాడు అటు చూడకుండా మాట్లాడే మాట అది.

ఎస్సై గుమ్మంలో నిలబడి బయటి కెమెరాను పరికించి చూస్తున్నాడు. ఇది ఎప్పుడూ తీస్తూనే ఉంటుందా అని అడిగాడు. జవాబు దుకాణం ఆవిడ చెప్పింది. ఏదైనా కదిలితేనే తీస్తుందట. మొదట్లో పరదా ఎగిరినప్పుడల్లా, తాళాలాయన చెయ్యి ఆడినప్పుడల్లా తీసి తీసి పెట్టె ఊరికే నిండిపోయేదట. అందుకని తాళాలాయన కూర్చునే చోటుతో సహా పరదా కింది భాగమంతా గీతగీసి, అక్కడ కదిలేదాన్ని లెక్కచేయొద్దని మేస్త్రి కెమెరాకు చెప్పాడట. ముందు గచ్చు మీద ఏదైనా కదిలితే అప్పుడు నిద్రలేస్తుంది. లేచాక మాత్రం అంతా కనిపిస్తుంది.

"అయితే గోడ వారగా పరదా కిందనుంచి వచ్చినవాడి కోసం ఇది లేవదు," అన్నాడు ఎస్సై.

మేస్త్రి తీగచుట్టను ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. "లేవదు సార్. కానీ ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?"

ఎస్సై కెమెరా మీదనుంచి చూపు తిప్పి అతని వైపు చూశాడు.

సీలక్క పని మొదలుపెట్టింది. ముందు పెట్టె గడియారం ఎంత చూపిస్తోందో, తన గడియారం ఎంత చూపిస్తోందో పక్కపక్కన పెట్టి ఫోటో తీసింది. రెండింటికీ కాస్త తేడా ఉంది, అది రాసుకుంది. తర్వాత తీగలన్నీ ఎలా ఉన్నాయో అలాగే ఫోటోలు తీసింది. మేస్త్రి చెయ్యి చాచి, ఇలా ఇవ్వండి మేడమ్, నేను క్షణంలో తీసిస్తా అన్నాడు.

"చేతులు వెనక్కి పెట్టుకో నాయనా," అంది ఆమె. కోపంగా కాదు, అందరితో అన్నట్టే.

పద్ధతి ప్రకారం రికార్డింగు ఆపి, కరెంటు తీసింది. పచ్చదీపం ఆరిపోయింది. ఇక ఆ పెట్టె ఏ పాతదాన్నీ మింగలేదు. లోపలి డిస్కు బయటికి తీసి సంచిలో వేసి, దుకాణం ఆవిడ చేత, ఎస్సై చేత సంతకాలు పెట్టించి, అగ్గిపుల్ల గీసి లక్క కరిగించింది. కాపీ తీయడానికి నేనూ రానా అని మేస్త్రి అడిగాడు. కావలిస్తే పిలుస్తాం అన్నాడు ఎస్సై. వెళ్లేటప్పుడు దుకాణం ఆవిడతో, అతన్ని కాసేపు ఇక్కడే పనిలో ఉంచమని మెల్లగా చెప్పాడు. అలాగే ఉంచుతాను అని ఆమె మెల్లగా అనబోయిన మాట ఎదురు దుకాణంలోకి కూడా వినపడింది. పొడుగు కానిస్టేబులును సందు మొదట్లో నిలబెట్టి వచ్చారు.

స్టేషనుకు చేరగానే ఎస్సై ఆమె గదిలోనే తిష్ట వేశాడు. డిస్కును కంప్యూటరుకు తగిలించి ఒక్కసారి చూద్దాం, ఒక్కటంటే ఒక్కసారి, తర్వాత నీ కాపీ నువ్వు తీసుకో అన్నాడు. కోర్టు లేచే వేళ దగ్గర పడుతోంది. కాపీ అయ్యేసరికి తాళాలాయన జైలు గేటు దాటి ఉంటాడు.

ఆమెకూ చూడాలనే ఉంది. ఆ మాటకొస్తే అతని కంటే ఎక్కువ ఉంది. పొద్దుటి నుంచి ఆ నీడ ఆమె కళ్లలోనే పాకుతోంది. కానీ అసలు డిస్కును ముందు తెరిచి చూస్తే, చూసిన ఆనవాళ్లు దాని మీద పడతాయి. ఆయన్ని కాపాడే బొమ్మ అందులో ఉంటే, పోలీసులే అందులో ఏదో కెలికారన్న మాట దానికే మొదట అంటుకుంటుంది.

"ఆయన పేరు మీద ఒక మచ్చ పడింది సార్. దాన్ని తుడిచే గుడ్డకే మసి ఉంటే ఎలా?" అంది.

అతను కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, చివరికి కోర్టు గుమాస్తాకు ఫోను చేశాడు. తాళాలాయన్ని అందరికంటే ఆఖర్న పిలిచేలా చూడమని బతిమాలాడు. అవతలి వాడు ఏమన్నాడో గాని, ఎస్సై చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె డిస్కుకూ కంప్యూటరుకూ మధ్య చిన్న పెట్టె ఒకటి పెట్టింది. అది చదవనిస్తుంది, రాయనివ్వదు. లోపలినుంచి బయటికి వచ్చేవాళ్లు వస్తూ ఉండొచ్చు, లోపలికి మాత్రం ఈగను కూడా పోనివ్వని గడప లాంటిది. తెర మీద పచ్చగీత మొదలైంది. అది పాకుతోందో ఆగిందో తెలియనంత నెమ్మదిగా కదిలింది. ఎస్సై ఆ గీతను కళ్లతో ముందుకు నెడుతున్నట్టు కూర్చున్నాడు. నెయ్యి కాగేదాకా ఉన్నవాడు చల్లారేదాకా ఉండలేడా అనుకుని, ఆమె అతనికి టీ తెప్పించింది. అతను దాన్ని తాగడం మరిచిపోయాడు.

గీత చివరికి చేరాక కంప్యూటరు రెండు పొడుగాటి అంకెల వరసలు చూపించింది. ఒకటి అసలుది, ఒకటి కాపీది. వెంట్రుకవాసి మార్పు ఉన్నా ఆ వరస మొత్తం మారిపోతుంది. ఆమె వేలు తెరకు తగలకుండా గాల్లో జరుపుతూ మొదటి నుంచి చివరి దాకా సరిచూసింది. ఒకటే. అసలు డిస్కును తీసి మళ్లీ సీలు వేసింది. అప్పుడు కాపీని తెరిచింది.

ఆ రోజు ఇంకా ఉంది. తెల్లవారుజాము పోయింది, పొద్దుటి భాగం పోయింది. కొత్త కెమెరాలు మింగుకుంటూ మింగుకుంటూ మధ్యాహ్నం గుమ్మం దాకా వచ్చి ఆగాయి.

తాళాలాయన గచ్చు మీదికి వచ్చాడు, అటూ ఇటూ చూశాడు, వంగాడు. ఈసారి పైమూలలో టైము ఉంది. బొమ్మ ఆగకుండా ఇంకాస్త ముందుకు ఆడింది. ఆయన వంగి తీసిన స్ప్రింగును ఊది, వెలుగులో పెట్టి చూసుకుని, స్తంభం పక్క తన చోట్లో కూర్చున్నాడు. తెర నల్లబడింది. కెమెరా పడుకుంది.

తర్వాతి ముక్క ఫోను వీడియోలో లేనిది. తెల్లబాణం నొక్కి దాటించింది దీన్నే.

ఒక కుక్క గచ్చుకు అడ్డంగా నడుచుకుంటూ వస్తోంది. బొచ్చు ఊడిన మామూలు వీధికుక్క. దానికి ఏ పనీ తొందరా లేవు. కెమెరాను లేపింది అదే. అది గచ్చు మధ్యకు వచ్చేసరికి పరదా కింద ఉన్నదంతా పటం కట్టినట్టు కనపడింది. ముందువైపు తాళాలాయన, రోడ్డుకు ముఖం పెట్టి, మిషను మీద వంగి, నిప్పురవ్వలు చిమ్ముతూ. ఆయన వీపు వెనకే, చేయి చాస్తే అందేంత దూరంలో, ఒక మనిషి షట్టరును రెండు చేతులతో మూరెడు పైకి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. భుజాన నల్లతీగ చుట్ట. కుక్క ఆగి అతని వైపు చూసి ఉంటుంది, మొరిగి ఉంటుంది. అతను ఉలిక్కిపడి తల తిప్పాడు. తిప్పి, కుక్కను చూసి, ఆ వెంటనే తలెత్తి తను బిగించిన కెమెరాలోకే సూటిగా చూశాడు.

ఎస్సై టీ గ్లాసు కింద పెట్టాడు. "కంచే చేను మేసింది," అన్నాడు నెమ్మదిగా.

సీలక్క ఇంకా తెర వైపే చూస్తోంది. దొంగా, దొంగ కానివాడూ ఒకే బొమ్మలో పక్కపక్కన ఉన్నారు. ఒకడికి తన వెనక ఏం జరుగుతోందో తెలియదు. ఇంకొకడు తన ముందున్నది కూడా మరిచిపోయి కుక్క కోసం తల తిప్పాడు. ఏడాది పొడుగునా జనాన్ని చూసే కెమెరాలు బిగించినవాడికి, తనను ఒకరు చూస్తారన్న ఆలోచన ఆ ఒక్క క్షణమే వచ్చినట్టుంది.

మేస్త్రిని పిలవమన్నారు. కాపీ తీయడంలో ఏదో ఇబ్బంది వచ్చిందనుకుని, పొడుగు కానిస్టేబులు పక్కన హుషారుగానే నడిచి వచ్చాడు. ద్వారంలో నిలబడ్డాడు. తెర ఆపేసి ఉంది. ఎస్సై కుర్చీ చూపించి, మధ్యలో ఒక ముక్క దాటించావట కదా, ఎందుకు అని మాత్రం అడిగాడు. ఏ ముక్కో చెప్పలేదు, అందులో ఏముందో చెప్పలేదు.

మేస్త్రి సీలు వేసిన సంచి వైపు చూశాడు.

"ఇంకా ఉందా అది?" అన్నాడు.

ఆ తర్వాత అతన్ని ఏమీ అడగాల్సిన పని పడలేదు. తీగలు లాగే రోజుల్లో దుకాణం తాళంచెవి తన దగ్గర ఉండేదని, అప్పుడే ఇంకొకటి చేయించుకున్నానని తనే చెప్పాడు. పక్కూళ్లో చేయించాడు. తాళాలాయన దగ్గర చేయిస్తే గుర్తుపడతాడని భయం. చేత్తో చెరిపితే ఆనవాలు మిగులుతుందని, కొత్త కెమెరాలు పెట్టి ఆ బొమ్మను పెట్టె చేతే మింగించాలని చూశాడు. పోయిన వినికిడి మిషన్ల పెట్టెలు అతని ఇంటి అటక మీద, పాత కెమెరాల అట్టపెట్టెల్లో దొరికాయి.

ఎస్సై కోర్టు గుమాస్తాకు మళ్లీ ఫోను చేసి, తీసుకురావలసిన మనిషి మారాడని చెప్పాడు. పొడుగు కానిస్టేబులు తన ఫోను కోసం సీలక్క గదికి వచ్చాడు. ఆమె దాన్ని అప్పటికే సంచిలో వేసింది. అసలు బొమ్మను దాచాలని చూసిన చెయ్యి ఎవరిదో చెప్పే తెల్లబాణం ఆ ఫోనులోనే ఉంది కాబట్టి, కేసు తేలేదాకా అది బయటికి రాదని చెప్పింది. అతను సంచి వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు.

"మా ఆవిడకి నువ్వే చెప్పాలి అక్కా."

"సాక్ష్యం చెప్పమంటే చెప్తాను గాని, కాపురాల్లో తలదూర్చను," అంది.

తాళాలాయన్ని బెంచీ మీదనుంచి లేవమన్నారు. సంతకం పెట్టమన్నారు, పెట్టాడు. కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంది. ఎస్సై ఆయన ఎదురుగా నిలబడి, పొరపాటు జరిగిందండీ అన్నాడు. అంతకంటే ఎక్కువ చెప్పడం అతనికి అలవాటు లేదు, ఈయనకు అక్కర్లేదు. రేపు పొద్దున్నే తనే సందులోకి వస్తాననీ, అసలు దొంగ ఎవరో నలుగురి ముందూ చెబుతాననీ ఎస్సై అన్నాడు. ఆ పని దుకాణం ఆవిడకు చెబితే చాలు సార్, ఊరంతా వినపడుతుంది అంది సీలక్క. కూతురు నవ్వబోయి, నవ్వు రాక, కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆయన కదల్లేదు. సీలక్క వైపు తిరిగి, ఆ మనిషి నిజంగా నా వెనకే ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడంది. ఎంత దూరంలో అంటే, బల్ల మీద రెండు చేతులు ఎడంగా పెట్టి చూపించింది. ఆయన ఆ రెండు చేతుల మధ్య దూరాన్ని చూశాడు.

"మరి ఆ కెమెరా మా ఇద్దరినీ ముందే ఎందుకు చూడలేదమ్మా?"

ఆమె విడమరిచి చెప్పింది. అది అన్నీ చూసే కన్ను కాదు. ఎక్కడ కదిలితే లేవాలో, ఎక్కడ కదిలినా పట్టించుకోకూడదో మనిషే దానికి గీత గీసి చెబుతాడు. మీ చేతులు రోజంతా ఆడుతూనే ఉంటాయి కాబట్టి, మీరు కూర్చునే చోటును లెక్కలోంచి తీసేశారు.

"నేనున్న చోటేనా?"

"మీరున్న చోటే."

ఆయన తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. వేళ్ల సందుల్లో ఇత్తడి పొడి అలాగే ఉంది. పనిలో ఉన్న చేతిని చూడొద్దని ఒక మిషనుకు ఎవరైనా ఎలా చెబుతారో అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు, నుదురు ముడిపడింది. అర్థమైందో లేదో గాని, ఏదో తేల్చుకున్నట్టు తలూపాడు.

"సరే. రేపటినుంచి కాస్త ముందుకు జరిగి కూర్చుంటాను," అన్నాడు. కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.